ముందు చక్రం కింది నిమ్మకాయ

ఆదిశేషు గారు అబద్ధం చెప్పరు. జరిగినదాన్ని కాస్త పెంచి పోషిస్తారు, అంతే. పలాస పక్క పల్లెలో చిన్నప్పుడు ఆయన చూసిన పాము అమెరికా వచ్చేసరికి రైలుపెట్టెంత అయింది. అరిజోనా ఎండలకి ఇంకొంచెం సాగింది. చాండ్లర్‌లో చిప్పుల ఫ్యాక్టరీలో పంపులూ పైపులూ చూసుకుంటూ ముప్పై యేళ్ళు గడిపి రిటైరయ్యాక, ఇంట్లో భార్య లీలకి చెప్పడానికి కొత్త పాములేవీ మిగల్లేదు. వినేవాళ్ళ కోసం వెతుక్కుంటూ పోయి, ఊరి చివర పాత విమానాల మ్యూజియంలో వాలంటీరుగా చేరారు.

శనివారం ఆయన డ్యూటీ. నీలం చొక్కా, దాని మీద ‘సెష్’ అని పేరుబిళ్ళ. ఆదిశేషు అనే పేరు అక్కడి నాలుకల మీద నిలవలేక ఆ మాత్రానికి కుదించుకుంది. అప్పగించిన విమానం మాత్రం చిన్నది కాదు. లిబరేటర్ అనే భారీ బాంబరు, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. నాలుగు ఇంజన్లు, పదిమంది సిబ్బంది, ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదెలా నేలకి వేలాడే పొట్ట. రెక్కల కింద రెండు పెద్ద చక్రాలు, ముక్కు కింద ఒక చిన్న చక్రం. “మన ఆటోకి అన్నగారు” అని పరిచయం చేసేవారు ఆదిశేషు, తెలుగువాళ్ళెవరైనా వస్తే.

దాని గురించి ఆయన చెప్పే కథలు వినడానికే కొందరు పిల్లలు మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు. బర్మాలో ఒక రైలు స్టేషను మీద బాంబులు అయిపోతే వంటవాడి గుమ్మడికాయలు వదిలి వచ్చారనీ, మరుసటేడు ఆ స్టేషను ప్లాట్‌ఫారమంతా గుమ్మడి తీగలు పాకాయనీ, శత్రువుల స్టేషన్ మాస్టరు ఆ కాయలు అమ్ముకుని మేడ కట్టాడనీ. మ్యూజియం మేనేజరు ఒకసారి పిలిచి, “సెష్, గుమ్మడికాయలు వద్దు” అని మెత్తగానే చెప్పాడు. “సరే” అన్నారీయన. ఆ పైవారం నుంచి అవి పుచ్చకాయలయ్యాయి.

“మీ నోటికి ఇన్సూరెన్స్ తీసుకోవాలండీ,” అనేది లీల. “ఎప్పుడో ఎవర్నో గుద్దేస్తుంది.”

ఆ యేడు విజయదశమి శనివారం పడింది. పొద్దున్నే లీల కారుకి బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. ఐదోది చేతిలో ఉంచుకుంది. పుట్టింటి అలవాటు అది. ఎన్ని చక్రాలుంటే అన్నే తెచ్చి ఊరుకోదు, ఎందుకైనా మంచిదని ఒకటి ఎక్కువ తెస్తుంది. ఒకటి జారి డ్రైనులోకి పోతే బండి పూజ సగంలో ఆగిపోకూడదు కదా. ఆవిడ హారతి సర్దుకుంటున్న సందులో ఆదిశేషు గారు ఫ్రిజ్‌లోంచి మూడు కాయలూ, ఒక కాగితంలో చిటికెడు కుంకుమా జేబులో వేసుకుని మ్యూజియంకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ వేళ బాంబరుని హ్యాంగర్‌లోంచి ఎండలోకి లాగుతారని ఆయనకి ముందే తెలుసు. చిన్న ట్రాక్టరు తగిలించే లోపల గబగబా మూడు చక్రాల ముందూ మూడు కాయలు పెట్టి, ముందు చక్రానికి బొట్టు పెట్టి, ఏమీ ఎరగనట్టు పక్కకొచ్చి నిలబడ్డారు. ఫ్యాక్టరీలో ఆయన దగ్గర పని నేర్చుకున్న దివాకర్ ఇద్దరు పిల్లల్నీ తీసుకొచ్చి ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

“అంకుల్, పర్మిషన్ తీసుకున్నారా?”

“ఆయుధపూజకి పర్మిషనేటయ్యా? ఇంతకన్నా పెద్ద ఆయుధం చాండ్లర్‌లో నీకు తెలుసా? మీ ఆవిడ స్పందన నోరు తప్ప?”

“వీడియో తనే చూస్తుంది అంకుల్.”

“అయితే ఆ ముక్క కట్ చెయ్యి.”

ట్రాక్టరు లాగింది. టప్, టప్, వెనకాల ఇంకో టప్. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు చక్రం మీద గుజ్జూ, గింజలూ, పసుపుపచ్చని మరకా. ఎండలోకి వచ్చిన బాంబరు పండక్కి తలంటుకున్నట్టు మెరిసింది.

అప్పుడొచ్చాడు వెర్నన్ లిండ్‌గ్రెన్.

చక్రాల కుర్చీలో నూట ఒక్క యేళ్ళ మనిషి. తోసుకొస్తున్నది కూతురు జోన్, ఆవిడకే డెబ్బై దాటాయి. ముసలాయన తల మీది టోపీ చూస్తే చాలు, యుద్ధానికి వెళ్ళొచ్చినవాడని తెలుస్తోంది. లిబరేటర్‌లో నావిగేటర్‌గా, అంటే దారి లెక్కలు కట్టేవాడిగా పనిచేశాడనీ, అదీ బెంగాల్లో మన కూలీలు వేసిన రన్‌వే మీంచి ఎగిరేవాడనీ జోన్ చెప్పగానే ఆదిశేషు గారి ప్రాణం లేచొచ్చింది. కుర్చీకి ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నారు. ముసలాయన కళ్ళు మాత్రం ఈయన్ని దాటి ముందు చక్రం మీదికి పోయాయి.

“అదేమిటి, ఆ పచ్చ మరక?”

అడగడమే ఆలస్యం. ఒక పక్క పిల్లలు, ఒక పక్క దివాకర్ ఫోను, ఎదురుగా నిజంగా యుద్ధం చేసొచ్చిన మనిషి. ఇంతకన్నా మంచి సభ ఆదిశేషు గారికి జన్మలో దొరకలేదు.

“మా దేశంలో ఏ బండైనా సరే పూజ చేసి కదిలించేటప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం సార్. దారిలో రాబోయే చెడు ఏదుంటే అది కాయలోకి పోతుంది. చక్రం దాన్ని తొక్కేసి వెళ్ళిపోతుంది. అంతే.”

అంతే అన్నాక ఆగి ఉంటే బాగుండేది. వెర్నన్ ముందుకి వంగి మరీ వింటున్నాడు. అంత శ్రద్ధగా వినే చెవులు దొరికితే ఆపడం ఆదిశేషు గారికి పుట్టుకతో రాలేదు.

“కానీ పెట్టిన కాయని ఎవరూ తియ్యకూడదు సార్. తీశారో, చక్రం పగబడుతుంది. ఏ చక్రం కింద కాయ తీస్తే ఆ చక్రమే. ఆ రోజు పొద్దు గూకనివ్వదు. మా ఊళ్ళో ఒకడు లారీ కింద కాయ తీసి మజ్జిగలో పిండుకున్నాడు. సాయంత్రానికి ఆ చక్రం ఊడొచ్చి, లారీ కంటే ముందు ఊళ్ళోకి దొర్లుకుంటూ వచ్చి, వాడి ఇంటి తలుపు కొట్టింది!”

పిల్లలు విరగబడి నవ్వారు. దివాకర్ నవ్వాడు. జోన్ కూడా నవ్వబోయి, తండ్రి మొహం చూసి ఆగిపోయింది.

“ముందు చక్రం కింద కూడా పెడతారా?” అన్నాడు వెర్నన్.

“అసలు దానికే ముఖ్యం సార్,” అన్నారు ఆదిశేషు ఉత్సాహంగా. “ముందు నడిచేది అదే కదా.”

వెర్నన్ వెనక్కి జారగిలబడ్డాడు. చేతులు రెండూ కుర్చీ పిడుల మీద పెట్టుకున్నాడు. తర్వాత చక్రంతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

“నేనూ ఎడ్డీ ఎక్కేది ఆ ముందు చక్రం గుంటలోంచే. ఎడ్డీ అంటే మా బాంబులు వదిలేవాడు. వంగి, చక్రం పక్కనుంచి పాకి పైకెక్కాలి. ఒకరోజు చక్రం ముందు ఒక నిమ్మకాయ కనపడింది. ఎవరి తిండి మూటలోంచో జారిందనుకున్నాను. అక్కడి నీళ్ళు మందు కంపు కొట్టేవి. కత్తితో కోసి నా నీళ్ళ డబ్బాలో పిండుకున్నాను.”

దివాకర్ ఫోను దించేశాడు.

“రంగూన్ రైల్వే యార్డు మీదికి వెళ్ళాం. కింది నుంచి కొట్టారు. చక్రాలు దించే హైడ్రాలిక్ గొట్టాలు తెగిపోయాయి. అయినా వెనక్కి తెచ్చాడు మా కెప్టెన్, సముద్రం దాటించి. పెద్ద చక్రాల్ని చేత్తో తిప్పి దించారు. ముందు చక్రాన్ని ఎడ్డీ కాళ్ళతో తన్ని దించాడు. నన్ను వెనక్కి పొమ్మన్నాడు. దిగాం. పెద్ద చక్రాలు నిలబడ్డాయి.” ఊపిరి తీసుకున్నాడు. “ముందుది మడుచుకుపోయింది. ముక్కు నేలకి రాసుకుని మంటలు లేచాయి. ముందున్న ఐదుగురూ పోయారు. వెనకున్న ఐదుగురం బతికాం.”

పిల్లల్లో చిన్నది దివాకర్ కాలు పట్టుకుంది.

“వెళ్ళేటప్పుడు దారిలో తాగాను ఆ నీళ్ళు,” అన్నాడు వెర్నన్. “చాలా బాగున్నాయి.”

ఆదిశేషు గారు జీవితంలో చెప్పిన కథలన్నీ నవ్వుల్లోనో విసుగులోనో ముగిశాయి. ఒక్కటీ ఇలా లేచి వెళ్ళి ఒక మనిషి గొంతు పట్టుకోలేదు. లారీ లేదు, మజ్జిగ లేదు, తలుపు కొట్టిన చక్రం లేదు. పగ అనే మాట ఐదు నిమిషాల క్రితం దాకా ఈ భూమ్మీదే లేదు. పుట్టించింది తను. అది సరిగ్గా వెళ్ళి ఎనభై యేళ్ళ నాటి ముందు చక్రానికి అతుక్కుంది, కొలతలు తీసి చేయించినట్టు.

“సార్, అది నిజం కాదు,” అన్నారు. “కాయలు పెట్టడం నిజం. పగ మాట నేను కల్పించాను. పిల్లలు నవ్వుతారని. దేవుడి మీద ఒట్టు సార్.”

వెర్నన్ ఆయన చేతి మీద తట్టాడు.

“నువ్వు చాలా మర్యాదస్తుడివి, సెష్.”

అంత దయగా చూసిన చూపు ఆదిశేషు గారు ఎన్నడూ చూడలేదు. దానికన్నా చెంపదెబ్బ నయం.

“ఎవరో మా కోసం పెట్టారన్నమాట,” అన్నాడు వెర్నన్ కూతురితో. “మేం బాగా తిరిగిరావాలని. నేను తాగేశాను.”

కుర్చీ వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చాక ఆదిశేషు గారు బూరెల పళ్ళెం ముందు కూర్చుని బూరె ముట్టుకోలేదు. లీలకి అప్పటికే స్పందన ద్వారా సంగతంతా చేరింది. దివాకర్ ఫోన్ చేసి, “అంకుల్, వీడియో డిలీట్ చేసేశాను” అన్నాడు, అదేదో శవాన్ని దాచిపెట్టినట్టు.

“మీరు తిట్టించుకోవాలని కూర్చున్నారు,” అంది లీల. “నేను తిట్టను. తిడితే మీకు తేలికైపోతుంది.”

“నేనేటి చేసేది లీలా? కల్పించానని చెప్పాను. నమ్మడే!”

“పాము రైలుపెట్టెంత ఉందంటే నమ్మనివాళ్ళు చాలామందున్నారు. నిజం చెప్తే నమ్మనివాణ్ణి ఇప్పుడు చూశారు.”

నాలుగు రోజులు ఆయన మాట్లాడలేదు. ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. లీలకే భయమేసి టీవీ పెట్టుకుంది. ఐదో రోజు జోన్ ఫోన్ చేసింది, మ్యూజియం వాళ్ళ దగ్గర నంబరు తీసుకుని. స్పీకర్ ఆన్ చేశారు.

ఆవిడ అరవలేదు. విషయం చెప్పింది. ప్రతి యేడూ ఆ విమానం కూలిన తేదీకి దగ్గర్లోని ఆదివారం, సిబ్బంది పదిమంది కుటుంబాల వాళ్ళూ కంప్యూటర్లో ఒకచోట కలుస్తారట. పదిమందిలో ఇప్పుడు మిగిలింది వెర్నన్ ఒక్కడే. ఆయన పేర్లు చదువుతాడు, వాళ్ళు వింటారు. వచ్చే ఆదివారమే అది. ఈసారి పేర్లు చదివాక, వాళ్ళు చచ్చిపోయింది తన వల్లేనని చెప్తానంటున్నాడు.

“ఎడ్డీ మేనకోడలికి ఎనభై రెండేళ్ళు,” అంది జోన్. “ఆవిడకీ చెప్తాడట. నా మాట వినడం లేదు. మీరు ఇంకొక్కసారి వచ్చి అది నిజం కాదని చెప్పగలరా?”

ఆదిశేషు గారు ఈసారి నోటిని నమ్ముకోలేదు. మ్యూజియం పాత కాగితాల గదిలో వెతికి, ముందు చక్రం ఎలా దిగుతుందో, ఏ కొక్కెం పడితే నిలబడుతుందో చూపించే బొమ్మల కాపీలు తీయించారు. కాళ్ళతో తన్ని దించిన చక్రానికి ఆ కొక్కెం సరిగ్గా పడకపోతే మడుచుకుపోవడం ఖాయం. ముప్పై యేళ్ళు గొట్టాలతో కాపురం చేసిన మనిషికి అది పట్టపగల్లా కనపడింది. లీలని వెంటబెట్టుకుని శుక్రవారం పొద్దున్న బయల్దేరారు. డ్రైవింగ్ లీల.

జోన్ తలుపు తీసి, హాల్లోంచి వెనక వరండా వైపు తీసుకెళ్ళింది. అద్దాల తలుపు అవతల పెరడు చూసి ఇద్దరూ ఆగిపోయారు.

పెరడు మధ్య తెల్లగా తాజా మొద్దు. చుట్టూ రంపపు పొట్టు. ఎండు గడ్డి నిండా వందలాది నిమ్మకాయలు, కొన్ని పచ్చివి, కొన్ని పండువి, దొర్లినవి దొర్లినచోటే.

“అమ్మ పెట్టిన చెట్టు,” అంది జోన్. “నలభై యేళ్ళది. మొన్న నాన్న మనుషుల్ని పిలిపించి కొట్టించేశాడు. నేను దుకాణం నుంచి వచ్చేసరికి అయిపోయింది.”

లీల చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆదిశేషు గారు చెప్పిన కథ ఒకటి రంపం పట్టుకుని ఒకరి పెరట్లోకి వెళ్ళింది.

లీల జోన్ భుజం మీద చెయ్యి వేసింది, ఇద్దరూ పెరట్లోకి నడిచారు. ఆదిశేషు గారు వరండాలో వెర్నన్ ఎదురుగా కూర్చుని, బొమ్మలు పరిచి, గొట్టాలూ కొక్కెమూ అంతా చెప్పారు. ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. అలా చెప్పడం ఆయనకి చెప్పుల్లేకుండా ఎండలో నడిచినట్టుంది.

వెర్నన్ చివరిదాకా విన్నాడు.

“ఇదంతా నాకు తెలుసు సెష్. విచారణలో ఈ బొమ్మే చూపించారు. అందరికీ కొక్కేలుంటాయి. మా విమానానికే ఎందుకు, ఆ రోజే ఎందుకు, ముందు చక్రానికే ఎందుకు? దానికి జవాబు లేదని ఎనభై యేళ్ళు ఊరుకున్నాను. హైడ్రాలిక్ కథ నాకు చాలుతూనే ఉండేది, మొన్న శనివారం దాకా.”

కాగితాలు ఒద్దికగా మడిచి తిరిగి ఇచ్చేశాడు.

ఆదిశేషు గారు వాటిని పుచ్చుకున్నారు. ఇక లేచి వెళ్ళిపోవడమే మిగిలింది. నిజం దాని పని అది చేసి ఓడిపోయింది. ఎదుటి మనిషి ఎల్లుండి తెర ముందు కూర్చుని, ఎనభై రెండేళ్ళ ఆడమనిషితో మీ మేనమామని నేనే చంపానని చెప్తాడు. ఆ తర్వాత ఎన్ని నెలలుంటాడో, అన్నాళ్ళూ అదే నమ్ముకుని ఉంటాడు.

“ఆ కూలీలు ఎక్కడివాళ్ళు సార్?” అన్నారు. ఎందుకడిగారో ఆయనకే తెలీదు.

“ఎవరికి తెలుసు? రైల్లో గంట దూరంలో ఖరగ్‌పూర్ ఉండేది. అక్కణ్ణించి కొందరొచ్చేవాళ్ళు. వాళ్ళ మాట అక్కడి బెంగాలీలకే అర్థమయ్యేది కాదని మా వంటవాడు నవ్వేవాడు.”

“మావాళ్ళే,” అన్నారు ఆదిశేషు. ఇంతవరకూ నిజమే. ఖరగ్‌పూర్ రైల్వేలో సగం శ్రీకాకుళమే. “మా అమ్మ తమ్ముడు కూడా అక్కడే ఉండేవాడు. సింహాచలం మావయ్య.” ఇదీ నిజమే. ఆ తర్వాత మాట నోట్లోంచి వస్తుంటే, ఎవరో తన గొంతుతో మాట్లాడుతున్నట్టు విన్నారు. “యుద్ధం రోజుల్లో విమానాల దగ్గర పెట్రోలు పీపాలు మోసేవాడు.”

వెర్నన్ తల ఎత్తాడు.

“మావాళ్ళు మూడు చక్రాలకి మూడే కాయలు తీసుకెళ్ళరు సార్. ఒకటి ఎక్కువ తీసుకెళ్తారు. ఇదిగో, మా ఆవిణ్ణి అడగండి. మా మావయ్య ఒక సంగతి చెప్పేవాడు. ఒకరోజు ఒక కుర్రదొర, చక్రం ముందు పెట్టిన కాయ తీసి నీళ్ళ డబ్బాలో పిండుకున్నాడట. మావయ్య పీపాల వెనక నుంచి చూస్తున్నాడు. నవ్వాపుకోలేక చచ్చిపోయాడట. దొర పైకెక్కేదాకా ఆగి, పాక్కుంటూ వెళ్ళి, పంచె మడతలో ఉన్న నాలుగో కాయ తీసి మళ్ళీ అక్కడే పెట్టి వచ్చాడు. మీ విమానం ఆ కాయని తొక్కే వెళ్ళింది సార్. మీరు తాగింది వట్టి నిమ్మకాయ.”

వెర్నన్ చూపు ఈసారి దయగా లేదు. లెక్కలు కట్టే చూపు. నూట ఒక్క యేళ్ళ మొహంలోంచి ఇరవై యేళ్ళ నావిగేటర్ బయటికి చూశాడు.

“ఒక నక్షత్రాన్ని కొలిస్తే మ్యాపు మీద ఒక గీత వస్తుంది సెష్. ఆ గీత మీద మనం ఎక్కడైనా ఉండొచ్చు. ఇంకో నక్షత్రం నుంచి ఇంకో గీత వచ్చి మొదటిదాన్ని కోస్తేనే మనమున్న చోటు తేలుతుంది. ఒక్క గీతని నమ్మి విమానం నడిపినవాళ్ళు సముద్రంలో ఉన్నారు.” వేలు పైకెత్తాడు. “నువ్విచ్చింది ఒక్క గీత. అది నేను శనివారం చెప్పిన మాటల్లోంచి ఎవడైనా గీయగలడు. రెండోది ఇవ్వు. మీ మావయ్య చూస్తూనే ఉన్నాడన్నావు. ఆ కాయ చేతిలోకి తీసుకోగానే, కోసే ముందు, నేనేం చేశాను?”

ఎనభై యేళ్ళకి దగ్గర పడుతున్న ఆదిశేషు గారి బుర్రలో కథలు పుట్టే యంత్రం ఒక్కసారిగా ఆగింది. పైకెగరేశాడా? చొక్కాకి తుడిచాడా? ఎడ్డీకి చూపించాడా? ఈల వేశాడా? ఒక్క మాట తప్పితే అంతా తప్పుతుంది. మొదటి గాయం మీద రెండోది, అదీ తెలిసి చేసినది. చెమట కళ్ళల్లోకి దిగుతుంటే తల పక్కకి తిప్పారు.

అద్దం అవతల, మొద్దు దగ్గర, లీల వంగి గడ్డిలోంచి ఒక నిమ్మకాయ తీసింది. జోన్‌తో ఏదో చెప్తూనే, చూసుకోకుండానే, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“వాసన చూశారు,” అన్నారు ఆదిశేషు.

వెర్నన్ కదల్లేదు.

ఆదిశేషు గారికి నోటి నిండా మాటలు ఊరాయి. కళ్ళు మూసుకుని చూశారనొచ్చు, మూడుసార్లనొచ్చు, తూర్పుకి తిరిగి అనొచ్చు. పళ్ళు గట్టిగా బిగించి అన్నిటినీ మింగేశారు. పుట్టి బుద్ధెరిగాక అలా మింగడం అదే మొదలు.

ముసలాయన గడ్డం వణకడం మొదలుపెట్టింది.

“నేను మిన్నెసోటా మంచులో పెరిగినవాణ్ణి,” అన్నాడు వెర్నన్. “నిమ్మకాయ ఇంట్లోకి రావడమే పండగ. ఆ కాయని ముక్కుకి ఆనించుకుని అలా నిలబడిపోయాను. ఎక్కు, ఎక్కు అని ఎడ్డీ నా బూటు మీద తన్నాడు. ఈ మాట విచారణలో చెప్పలేదు. మా ఆవిడకి చెప్పలేదు. జోన్‌కి చెప్పలేదు. చెప్పేంత మాట కూడా కాదది.” రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి అన్నాడు, “ఆయన చూశాడన్నమాట. మళ్ళీ పెట్టాడన్నమాట.”

కల్పించింది ఆదిశేషు గారే. లీలని చూసి చెప్పింది తను. అయినా ఒక్క క్షణం, పీపాల వెనక నిజంగా ఎవరో కూర్చుని ఉన్నారనిపించి చేతుల మీద వెంట్రుకలు నిలబడ్డాయి. నిజమే కదా, మొదటి కాయ ఎవరో పెట్టారు. ఆ పెట్టినవాడు ఎవడో, వాడి మూటలో నాలుగోది ఉందో లేదో, ఈ లోకంలో చెప్పగలిగేవాళ్ళు లేరు.

“ఆయన పేరేమన్నావు?”

“సింహాచలం సార్.”

“సిమ్... మళ్ళీ చెప్పు. నెమ్మదిగా. ఆదివారం వాళ్ళకి చెప్పాలి.”

నాలుగైదు సార్లు చెప్పించుకున్నాడు. ఐదోసారికి దాదాపు వచ్చింది.

తిరుగు దారిలో ఆదిశేషు గారి ఒళ్ళో సంచీ నిండా నిమ్మకాయలు. లీల డ్రైవ్ చేస్తోంది. కింద పడి పాడైపోతాయని జోన్ ఇచ్చిందట, ఊరగాయ పెట్టి ఆవిడకో సీసా పంపాలట. ఫ్రీవే ఎక్కేదాకా ఊరుకుని అడిగింది.

“ఏం చెప్పారండీ ఆయనకి? వచ్చేసేటప్పుడు నా చేతులు పట్టుకుని మీ ఇంటాయన మావయ్య గొప్పవాడన్నాడు.”

చెప్పారు. లీల స్టీరింగ్ మీద చేతులు బిగించింది.

“సింహాచలం మావయ్యా! ఆయన ఖరగ్‌పూర్ వెళ్ళిందే యుద్ధం అయిపోయిన పదేళ్ళకి కదండీ. వర్క్‌షాపు గేటు దాటి విమానం మొహం ఎరగడు. పైగా నిమ్మకాయంటేనే పడదు, జలుబు చేస్తుందని మజ్జిగలోకి కూడా రానిచ్చేవాడు కాదు!”

“తెలుసు.”

“మరి ఆ వాసన సంగతి మీకెలా తెలిసింది?”

ఆయన సంచీలోకి చూశారు. లీల పక్కకి తిరిగి చూసింది. మొగుడు జవాబు చెప్పకపోవడం ఆవిడ యాభై యేళ్ళ కాపురంలో చూడని వింత.

“తప్పు పోయుంటే?” అంది నెమ్మదిగా.

“అదే ఆలోచిస్తున్నాను,” అన్నారు. “తప్పు పోయుంటే, అదే.”

ఇంటి వీధి మలుపు తిరిగాక లీల అంది, “ఈ ఒక్కదాన్నీ మాత్రం పెంచకండి.”

ఆదివారం సాయంత్రం జోన్ ఫోన్ చేసింది. పదిమంది పేర్లయ్యాక తండ్రి పదకొండో పేరు చదివాడట. ఎవరికీ నోరు తిరగలేదట. ఎడ్డీ మేనకోడలు మాత్రం అక్షరం అక్షరం చెప్పించుకుని కాగితం మీద రాసుకుందట. నాన్న సూపు తాగాడు, మొద్దు పక్కన కొత్త మొక్క ఎప్పుడు పెట్టొచ్చో అడిగాడు అంది.

ఆ పై శనివారం ఎవరో ఒక పిల్ల బాంబరు ముందు చక్రం మీద ఎండిపోయిన మరక చూపించి, అదేమిటని అడిగింది. దివాకర్ పిల్లలు కథ కోసం ముందుకి జరిగారు.

“నిమ్మరసం,” అన్నారు ఆదిశేషు గారు.

“అంతేనా అంకుల్?” అన్నాడు దివాకర్.

“అంతే.”